ఇంటికి వచ్చిన తాబేలు: దాని వసతి, ఆహారము, మన ఆరోగ్యము

బిలాస్‌పూర్ నుండి కట్నీ పోవు రైలుమార్గమున కర్గీ రోడ్ అను స్టేషను కలదు. ఈ మార్గము 1891లో ఏర్పడినది. స్టేషను పేరు కర్గీ రోడ్. దాని చెంతనున్న పట్టణము పేరు కోట. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బిలాస్‌పూర్ జిల్లాకు చెందిన ఈ పట్టణము చుట్టును వరిపొలములు, చెరువులు ఉన్నవి. కొంత దూరమున అచానక్‌మార్ అడవులు మొదలగును. రైల్వే కొలువుల నిమిత్తము శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వెళ్ళిన తెలుగు కుటుంబములు బిలాస్‌పూర్ పరిసరములలో తరతరములుగా నివసించుచున్నవి. 1931లో విజయనగరము, రాయపూర్‌ల మధ్య మార్గము పూర్తియైన పిదప ఈ రాకపోకలు మరింత సులభమైనవి.

ఇట్టి ప్రదేశమున ఒక ఇంటికి తాబేలు వచ్చుటకు మూడు దారులు కలవు. మొదటిది వానకాలపు పొలముగట్టు. తొలకరి వానలకు బురదలోనుండి వెలికివచ్చిన తాబేటిని పిల్లలు పట్టి తెత్తురు. రెండవది పట్టణములోని అక్వేరియం దుకాణము. అచ్చట రూపాయి బిళ్ళంత పచ్చని తాబేటి పిల్లలను గాజుతొట్టిలో నుంచి అమ్ముదురు. మూడవది స్వస్థలము నుండి వచ్చు బంధువుల సంచి. ఇంట తాబేలున్నచో శుభమని నమ్మి, డిప్పపై నక్షత్రపు గీతలు గల చిన్న తాబేటిని రైలులో దాచి తెచ్చువారు ఉన్నారు.

ఏ దారిని వచ్చినను, ఆ తొలిదినమున ఇంటిలో జరుగునది సాధారణముగ ఒక్క తీరుననే ఉండును. తల్లి దానిని బకెట్టు నీటిలో వేయును. నాయనమ్మ దాని వీపున పసుపు, కుంకుమ పెట్టును. తండ్రి రాత్రి డ్యూటీ నుండి వచ్చి, అది ఆకలితో నున్నదని తలచి అన్నము మెతుకులు చల్లును. నాలుగేండ్ల పసివాడు దానిని ఎత్తి ముద్దు పెట్టుకొనును. నలుగురు చేసినదియు ప్రేమతో చేసినదే. కాని ఆ నాలుగు పనులలో మూడు తాబేటికి హాని, నాలుగవది పసివానికి హాని. దీనిని ఎచ్చట ఉంచవలెను, దీనికి ఏమి పెట్టవలెను అని అడుగుటకు ముందు, ఇది ఏ తాబేలు, ఎచ్చటినుండి వచ్చినది అని అడుగవలెను. ఈ ప్రశ్నకు సమాధానము దొరికినగాని ముందు రెండు ప్రశ్నలకు సమాధానము దొరకదు.

ఒక పేరు, మూడు జీవులు

నేలపై తిరుగు జీవిని, నీటిలో ఈదు జీవిని కూడ తెలుగువారు తాబేలనియే పిలుతురు. కూర్మము, కచ్ఛపము అను సంస్కృత పదములలోను ఈ భేదము కనబడదు. హిందీలోని కఛువా అను మాటయు అట్టిదే. పేరు ఒకటి యగుటచే పోషణయు ఒకటియే యని జనులు తలచుచున్నారు. పొరపాటునకు మూలము ఇచ్చటనే కలదు.

ఛత్తీస్‌గఢ్ చెరువులలోను, వరిమడులలోను విరివిగా కనబడు తాబేలు నీటి తాబేలు. శాస్త్రజ్ఞులు దీనిని ఇండియన్ ఫ్లాప్‌షెల్ అందురు. దీని డిప్ప గట్టి పలకలతో కాక, నునుపైన తోలు కప్పినట్లుండును. ముక్కు చిన్న గొట్టమువలె ముందుకు పొడుచుకొని వచ్చును. వేళ్ళ నడుమ పొర ఉండును. వెనుకకాళ్ళను లోనికి తీసికొన్నప్పుడు వాటిని మూయుటకు అడుగుభాగమున తోలుమూతలు ఉండును. ఎండకాలమున చెరువు ఎండినయెడల ఇది బురదలో దాగి వానకై వేచియుండును. పిల్లలు పొలముగట్టున పట్టునది తరచుగా ఇదియే.

రెండవది నక్షత్ర తాబేలు. ఇది మెట్టభూమిది. దీని డిప్ప ఎత్తుగ, గుమ్మటమువలె నుండును. నల్లని పలకలపై పసుపుపచ్చని గీతలు నక్షత్రమువలె వ్యాపించియుండును. కాళ్ళు ఏనుగు కాళ్ళను పోలి, మొద్దుగ, పొలుసులతో నుండును. వేళ్ళ నడుమ పొర ఉండదు. వాయవ్య భారతమును దాని నానుకొనిన పాకిస్తాను భాగమును, దక్షిణ భారతదేశమును, శ్రీలంకయు దీని సహజ నివాసములు. పొదలు, గడ్డి గల పొడినేలలు దీనికి ఇష్టము. ఇది ఈదలేదు. లోతైన నీటిలో వేసినచో మునిగి చచ్చును. బకెట్టు నీటిలో వేయబడిన నక్షత్ర తాబేటికి కొన్ని గంటలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును.

మూడవది అక్వేరియం దుకాణములలో అమ్మబడు ఎఱ్ఱచెవి తాబేలు. పచ్చని డిప్ప, మెడపై పసుపు చారలు, కంటి వెనుక ఎఱ్ఱని పట్టె దీని గుర్తులు. దీని పుట్టినిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతము. కొన్న దినమున అరచేతిలో ఇముడు ఈ పిల్ల, కొన్ని ఏండ్లలో భోజనపు పళ్ళెమంత యగును. ఇరువది, ముప్పది ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు జీవించును. కొనువారికి ఈ సంగతి చెప్పువారు అరుదు.

నలువది ఎనిమిది గంటలు

తాబేటి పోషణను గూర్చి మాటలాడునప్పుడు చట్టమును విడిచిపెట్ట వీలులేదు. చెరువు తాబేలును, నక్షత్ర తాబేలును రెండును 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందిన జీవులు. 2022లో సవరింపబడి, 1 ఏప్రిల్ 2023 నుండి అమలులోనికి వచ్చిన పట్టికల ప్రకారము ఈ రెండును మొదటి షెడ్యూలులో చేరియున్నవి. పులి, ఏనుగులు ఉన్న షెడ్యూలు ఇదియే. మొదటి షెడ్యూలు జీవుల విషయమున నేరము చేసినవారికి మూడేండ్లకు తక్కువ కాకుండ, ఏడేండ్ల వరకు కారాగార శిక్షయు, రూ. 25,000కు తక్కువ కాని జరిమానాయు విధింపవచ్చును. కొన్నవానికిని, అమ్మినవానికిని, ఇంట దాచినవానికిని చట్టము వర్తించును.

అయితే తెలియక చేతికి వచ్చిన జీవి మాట ఏమి? దానికిని చట్టములో దారి కలదు. వన్యప్రాణి ప్రభుత్వపు ఆస్తి. అట్టి జీవి ఎవరికైన దొరికినచో, 48 గంటలలోగా దగ్గరి పోలీసు స్టేషనులోగాని, అధికారము గల అటవీ ఉద్యోగికిగాని తెలుపవలెను, కోరినప్పుడు అప్పగింపవలెను. గడువు లోపల తానై వచ్చి తెలిపినవాడు చట్టము చెప్పిన ప్రకారము నడచుకొన్నవాడగును. కావున భయపడి దాచుటకంటెను, భయపడి రాత్రివేళ ఎచ్చటనో విడుచుటకంటెను, వెంటనే తెలుపుటయే క్షేమము.

నక్షత్ర తాబేటి విషయమున ఇంత పట్టుదల ఏలనన, దానికి వచ్చిన ముప్పు అంత గొప్పది. 2015లో ప్రచురింపబడిన ఒక పరిశోధన ప్రకారము, మన దేశములోని ఒక్క సేకరణ కేంద్రము నుండియే ఒక్క ఏడాదిలో కనీసము 55,000 నక్షత్ర తాబేళ్ళు పట్టుబడి వ్యాపారమునకు పోయినవి. 2019లో సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడిక ఈ జీవిని తన మొదటి అనుబంధములోనికి మార్చి, అడవినుండి పట్టిన వాటి వాణిజ్యమును పూర్తిగ నిషేధించినది. బంధువు ప్రేమతో తెచ్చిన ఒక తాబేటి వెనుక, దారిలో చచ్చిన తాబేళ్ళు ఎన్ని ఉండునో కొన్నవానికి తెలియదు.

ఎఱ్ఱచెవి తాబేలు మన దేశపు జీవి కాదు. సైటిస్ పట్టికలలో చేరిన విదేశీ జీవులను పెంచువారు వాటిని నమోదు చేయించుకొనవలెనని 2024లో ప్రత్యేక నియమములు వెలువడినవి. కావున ఏ విదేశీ తాబేటినైనను కొనుటకు ముందుగానే అటవీశాఖ కార్యాలయమున విచారించుట ఉచితము.

రెండు దినముల వసతి

అటవీ ఉద్యోగి వచ్చువరకు ఆ జీవిని బ్రతికించి ఉంచుట ఇంటివారి విధి. దీనికి ధనము అక్కరలేదు; తెలివిడి చాలును.

నక్షత్ర తాబేటికి పొడిచోటు కావలెను. ఒక పెద్ద అట్టపెట్టెగాని, చెక్కపెట్టెగాని తీసికొని, అడుగున పాత వార్తాపత్రికలు పరచి, వాటిపై ఎండుగడ్డి చల్లవలెను. పెట్టెలో ఒక మూల చిన్న అట్టను బోర్లించి చీకటి గూడు చేయవలెను. జడిసిన తాబేలు అందు దాగును. పెట్టె గోడలు అద్దమువలె కనబడునవిగా ఉండరాదు. ఏలనన, అవతల కనబడు చోటికి పోవలెనని తాబేలు గోడను గోకుచు అలసిపోవును. నీటికై పల్లపు మూతను పెట్టవలెను. అందలి నీరు దాని గడ్డమునకు మించరాదు. ఉదయపు లేత ఎండలో అరగంట ఉంచవచ్చును, కాని చెంతనే నీడ ఉండి తీరవలెను. తాబేలు తన శరీరపు వేడిని తానే కాపాడుకొనలేని జీవి. బిలాస్‌పూర్ ప్రాంతమున మే నెల ఎండలో నీడలేని పెట్టె కొద్ది నిమిషములలోనే పొయ్యివంటిదగును. చలికాలపు రాత్రులలో చల్లని సిమెంటు నేలపై నుంచినచో ఊపిరితిత్తుల జబ్బు కలుగును. కావున వేసవిలో గాలి వచ్చు నీడయు, చలిలో గాలి తగులని గదియు ఎంచుకొనవలెను.

చెరువు తాబేటికి వెడల్పైన తొట్టి కావలెను. నీరు కొద్దిగా పోసి, అది కాళ్ళు నేలపై ఆనించియే మెడచాచి ముక్కును పైకి తేగలుగునట్లు చూడవలెను. చెరువు నీరుగాని, ఒక పూట నిలువయుంచిన కుళాయి నీరుగాని పోయవచ్చును. తొట్టిపై గాలి పోవునట్లు జల్లెడగాని, గోనెగాని కప్పవలెను. ఈ జాతి తాబేలు మెడను దూరముగ చాచి గట్టిగ కరువగలదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

రెండు జాతులకును వర్తించు నియమము ఒకటి కలదు. డిప్ప రాయివలె కనబడినను రాయి కాదు. అది తాబేటి వెన్నెముకతోను, ప్రక్కటెముకలతోను కలిసి పెరిగిన ఎముక. స్పర్శ దానికి తెలియును. పసుపు, కుంకుమ, రంగు, నూనె ఏదియు దానికి పూయరాదు. దానికి తాడు కట్టుటకై రంధ్రము చేయుట జీవియున్న ఎముకను తొలుచుటయే.

ఏమి పెట్టవలెను, ఏమి పెట్టరాదు

తాబేలు నెమ్మదిగ జీవించు జీవి. కొత్తచోట ఒకటి రెండు దినములు తినకున్నను దానికి వెంటనే కీడు కలుగదు. కావున తినుటలేదని నోరు తెరచి కుక్కుట తప్పు. చెరువు తాబేటికి ఆ రెండు దినములు ఆహారము పెట్టకున్నను సరిపోవును. చెరువులో అది నత్తలను, చేపలను, కప్పలను, నీటి మొక్కలను తిని బ్రతుకును.

నక్షత్ర తాబేలు ముఖ్యముగ శాకాహారి. అడవిలో గడ్డి, ఆకులు, పూలు, రాలిన పండ్లు తినును. పీచు హెచ్చుగను, మాంసకృత్తులు తక్కువగను ఉన్న ఆహారము దానికి తగినది. కోట పట్టణమున పెరటిలో దొరకు గరిక, మందార ఆకులు, మందార పూలు, మల్బరీ ఆకులు, కొద్దిగ మునగాకు పెట్టవచ్చును. మందు చల్లిన చేలోని గడ్డిని కోయరాదు. ఆకులను శుభ్రముగ కడిగి, నేలపై కాక పళ్ళెములో పెట్టి, సాయంకాలమునకు మిగిలిన వాటిని తీసివేయవలెను. పాలకూర, గోంగూర వంటివి ఆమ్లలవణముల వలన శరీరమునకు కాల్షియము అందకుండ చేయును; వాటిని నిత్యాహారముగ నీయరాదు. పండ్లు ఎక్కువైనచో విరేచనములు కలుగును.

వండిన అన్నము, రొట్టె, బిస్కెట్లు, పాలు, పప్పు, గ్రుడ్డు, మాంసము నక్షత్ర తాబేటికి పెట్టరాదు. పాలను జీర్ణించుకొను శక్తి తాబేళ్ళకు లేదు. మెతుకులు తినుచున్నదిగదా యని సంతోషించు ఇంటిలో, ఆ తాబేటి ఎముక లోలోపల మెత్తబడుచుండును. కాల్షియము చాలక, ఎండ తగులక పెరిగిన తాబేటి డిప్ప వంకరపోవును. కాళ్ళు శరీరమును మోయలేవు. ఈ హాని నెలల తరబడి కనబడక, కనబడునాటికి సరిదిద్ద వీలుకానంతగా ముదిరియుండును. ఇంటిలో తాబేలు చాలకాలము బ్రతికెనని చెప్పుకొనుట పెక్కుమారులు అది చాలకాలము చచ్చుచుండెనని చెప్పుటయే.

అంగడి తాబేటికి నిజమైన ఇల్లు

ఎఱ్ఱచెవి తాబేటిని ఇదివరకే కొని తెచ్చుకొన్నవారు దాని జీవితకాలమంతయు దానిని పోషింపవలసియున్నది. దుకాణమువా రిచ్చు చిన్న ప్లాస్టికు డబ్బా, అందలి బొమ్మ కొబ్బరిచెట్టు దానికి ఇల్లు కాదు. డిప్ప పొడవు పది సెంటీమీటర్లున్న తాబేటికి సుమారు 150 లీటర్ల నీరు పట్టు తొట్టి కావలెను. పెరిగినకొలది ఇంకను పెద్దది కావలెను. ఈదుటకు లోతైన నీరును, పూర్తిగ పైకెక్కి ఒళ్ళు ఆరబెట్టుకొనుటకు పొడిగట్టును రెండును ఉండవలెను. నీరు 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్ వరకును, ఎండ కాగు గట్టు సుమారు 30 నుండి 32 డిగ్రీల వరకును ఉండుట మంచిది.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణముల సాయముననే తాబేటి శరీరమున డి విటమిన్ తయారగును. ఆ విటమిన్ ఉన్నగాని తిన్న కాల్షియము ఎముకకు పట్టదు. కిటికీ అద్దము ఈ కిరణములను చాలవరకు ఆపివేయును. కావున అద్దము చాటున ఎండ పడుచున్నదని తృప్తి పడరాదు. ఉదయవేళ తొట్టిని ఆరుబయట, సగము నీడ యుండునట్లు, కాకులు కుక్కలు చేరకుండ మూతతో నుంచవలెను. వానకాలమున వారముల తరబడి ఎండ లేనప్పుడు ఇందులకై తయారైన దీపమును వాడవలెను.

దీనికి ఆహారము రెండు విధములైనది. చిన్నతనమున మాంసాహారము హెచ్చుగను, పెరిగిన పిదప ఆకులు హెచ్చుగను తినును. తాబేళ్ళకై తయారుచేసిన గుళికలు, వానపాములు, చిన్నచేపలు, నీటి మొక్కలు, ఆకుకూరలు మార్చి మార్చి పెట్టవలెను. పిల్లలకు ప్రతిదినము, పెద్దవాటికి దినము విడిచి దినము పెట్టిన చాలును. పది పదునైదు నిమిషములలో తినగలిగినంత మాత్రమే పెట్టవలెను. ఎండు రొయ్యలు మాత్రమే తినిపించినచో ఏ విటమిన్ లోపించి కన్నులు వాచి మూసికొనిపోవును. కాల్షియముకై సముద్రపు నురుగు ముక్కను నీటిలో వేసినచో అది కొరుకుకొనును.

నీరు మురికియైనచో తాబేటికిని, ఇంటివారికిని హాని. నీటిని తరచుగ మార్చవలెను. ఆ నీటిని వంటింటి తూములో పోయరాదు.

ముక్కునుండి బుడగలు వచ్చుట, నోరు తెరచి శ్వాసించుట, నీటిలో ఒక ప్రక్కకు ఒరిగి తేలుట, కన్నులు వాచుట, డిప్ప మెత్తబడుట లేక వాసన వచ్చుట, దినముల తరబడి కదలక తినకుండుట — ఇవి వ్యాధి చిహ్నములు. ఇవి కనబడినచో పశువైద్యునికి చూపవలెను. మనుష్యుల మాత్రలను విరిచి తాబేటికి పెట్టుట ప్రమాదకరము.

తాబేలును, పసిబిడ్డయు

ఇక ఇంటివారి ఆరోగ్యము. చూచుటకు ఎంత శుభ్రముగ నున్నను, తాబేటి ప్రేగులలో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు ఉండవచ్చును. వాటివలన తాబేటికి సాధారణముగ ఏ జబ్బును రాదు. అవి మలముతో బయటపడి, దాని డిప్పకును, తొట్టి నీటికిని, తొట్టిని తాకిన చేతులకును అంటుకొనును. ఒకసారి పరీక్షలో కనబడనంతమాత్రమున తాబేటియందు అవి లేవని నిర్ణయింప వీలుకాదు; ఏలనన, కొన్ని దినములు బయటపడి కొన్ని దినములు బయటపడవు.

ఈ సూక్ష్మజీవులు నోటిగుండ మనుష్యుని శరీరములో ప్రవేశించినచో, ఆరు గంటలనుండి ఆరు దినములలోగా విరేచనములు, జ్వరము, కడుపునొప్పి కలుగును. ఆరోగ్యవంతులైన పెద్దలకు నాలుగు నుండి ఏడు దినములలో నెమ్మదించును. కాని అయిదేండ్లలోపు పిల్లలకును, అరువదియైదేండ్లు దాటిన వృద్ధులకును, రోగనిరోధక శక్తి తగ్గినవారికిని ఇది తీవ్రమై, సూక్ష్మజీవులు రక్తములో చేరి ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణులు కూడ ప్రత్యేక జాగ్రత్త వహింపవలెను. కావున అయిదేండ్లలోపు బిడ్డ ఉన్న ఇంట తాబేటిని పెంచకుండుటయే మేలు.

ఈ విషయమున అమెరికా అనుభవము గమనింపదగినది. అచ్చట 1960, 1970 దశకములలో చిన్న తాబేటి పిల్లలు లక్షల సంఖ్యలో ఇండ్లకు చేరినవి. వాటితోపాటు పిల్లలకు ఈ వ్యాధియు చేరినది. 1975లో ఆ ప్రభుత్వము, డిప్ప పొడవు నాలుగు అంగుళములకు లోపైన తాబేళ్ళ విక్రయమును నిషేధించెను. నాలుగు అంగుళములనుట ఏలనన, అంతకంటె చిన్నవానిని పసిపిల్లలు నోటిలో పెట్టుకొందురు. ఆ నిషేధము వలన 1976లో పిల్లలలో సుమారు లక్ష కేసులు రాకుండ ఆగినవని అచ్చటి ఆరోగ్యాధికారులు అంచనా వేసిరి. కర్గీ రోడ్ ఇంటిలో నాలుగేండ్ల పసివాడు తాబేటిని ముద్దు పెట్టుకొనుట ఇట్టి ప్రమాదమే.

నివారణ కష్టమైనది కాదు. తాబేటిని గాని, దాని తొట్టిని గాని, మేతను గాని తాకిన ప్రతిసారి సబ్బుతో కనీసము ఇరువది సెకనులు చేతులు రుద్ది కడుగుకొనవలెను. తాబేటిని వంటింటిలోనికి, భోజనము చేయు చోటికి తీసికొనిపోరాదు. దాని పాత్రలకు వేరుగ బ్రష్షు, గుడ్డ ఉండవలెను. పిల్లల చేతులను పెద్దలే దగ్గరనుండి కడిగించవలెను.

విరేచనములు మొదలైనచో, పొట్లముపై చెప్పినంత కాచి చల్లార్చిన నీటిలో ఓ.ఆర్.ఎస్. పొడిని కలిపి, కొంచెము కొంచెముగ మాటిమాటికి త్రాగించవలెను. తల్లిపాలు మానిపించరాదు. వైద్యుని సలహాపై పిల్లలకు జింకు మాత్రలు ఈయవలెను. మలములో రక్తము పడినను, జ్వరము 102 డిగ్రీల ఫారన్‌హీటు మించినను, మూడు దినములలో తగ్గకున్నను, బిడ్డ మూత్రము తగ్గి, కన్నులు లోతుకు పోయి, సొమ్మసిల్లినను జాగు సేయక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. అవసరమైనచో 108కి ఫోను చేయవలెను. వైద్యునితో మాటలాడునప్పుడు ఇంట తాబేలున్నదని తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట వలన వ్యాధికారణము త్వరగా తెలియవచ్చును. దుకాణమునుండి తమంత తామే యాంటీబయాటిక్ మందులు కొని వాడరాదు.

చెరువులో విడుచుట పుణ్యమా?

పోషింపలేక విసిగినవారు పెక్కుమంది తాబేటిని గుడి కోనేటిలో విడిచి, పుణ్యము చేసితిమని తలంతురు. తెలుగువారికి కూర్మము పూజ్యము. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మము క్షేత్రమున విష్ణువు కూర్మావతారమున పూజలందుకొనుచున్నాడు. ఆ ఆలయమున నక్షత్ర తాబేళ్ళు కూడ కలవు. కాని భక్తి వేరు, జీవి యొక్క అవసరము వేరు. మెట్టభూమి తాబేటిని కోనేటిలో విడిచినచో మునిగిపోవును. ఎఱ్ఱచెవి తాబేటిని చెరువులో విడిచినచో, అది బలము గలదై స్వదేశపు తాబేళ్ళ ఆహారమును, ఎండకాగు చోటులను ఆక్రమించును. ప్రపంచమున మిక్కిలి హానికరములైన నూరు ఆక్రమణ జాతుల పట్టికలో ఇదియు ఒకటి. మన ఈశాన్య రాష్ట్రముల జలాశయములలో ఇది ఇప్పటికే కనబడినది. ఇంటి తొట్టిలోని రోగములు కూడ దానితో చెరువునకు చేరును.

కోనేరు ఎల్లప్పుడును క్షేమమైన చోటు కాదనుటకు కోటకు దూరము కాని రతన్‌పూర్ నిదర్శనము. అచ్చటి మహామాయా ఆలయపు కోనేటిలో 2025 మార్చిలో ఇరువదికి పైగా తాబేళ్ళు వలలో చిక్కి మరణించినవి. ఆ విషయము రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము వరకు పోయినది. భక్తులు నిత్యము వచ్చు చోటనే అట్లు జరిగినప్పుడు, ఊరిబయటి చెరువున చాటుగ విడిచిన జీవికి రక్షణ ఎవరు?

కావున విడుచుపని అటవీశాఖకు వదలవలెను. ఎచ్చట దొరికినదో, ఏ దినమున దొరికినదో, ఏమి పెట్టితిరో స్పష్టముగ వ్రాసి ఇచ్చినచో, ఆ జీవిని దాని సొంతచోటికి చేర్చుటకు ఆ కాగితము మిక్కిలి ఉపయోగపడును. పొలముగట్టున తాబేలు కనబడినప్పుడే పిల్లలు దానిని ముట్టక, అది దారి దాటువరకు నిలిచి చూచినచో, ఈ శ్రమ ఏదియు ఉండదు.

ఇచ్చివేసిన దినమున పిల్లలు ఏడ్తురు. ఆ ఏడుపును తల్లిదండ్రులు తేలికగ తీసికొనరాదు. తాబేటిపై ఆ పసివానికి కలిగిన ప్రేమ నిజమైనదే. ఆ ప్రేమకు సరియైన దారి చూపుట పెద్దల పని. అప్పగించునప్పుడు వానిని వెంట తీసికొనిపోవలెను. ఆ పెట్టెను వాని చేతనే అందింపజేసి, ఇంటికి వచ్చిన పిదప సబ్బుతో వాని చేతులు కడిగింపవలెను. వచ్చే వానకాలమున అదే పొలముగట్టున మరియొక తాబేలు బురదనుండి వెలికివచ్చును. ఆ నాడు వాడు సంచి తెరువక, తోటివారిని ఆపి, దానికి దారి విడిచిననాడు, ఆ ఇంటికి వచ్చిన తాబేలు నిజముగ శుభమునే తెచ్చినట్లు.